కంకర కాలువ: పక్షి ఫైలు, కంచె ఫైలు

విమానాశ్రయాల్లో పక్షులు, జంతువుల ముప్పు చూడటం నా పని. ఒక చిన్న విమానాశ్రయం వాళ్లు నన్ను పిలిచేసరికే రెండు ఘటనలు జరిగిపోయాయి. రెండింటికీ వేర్వేరు ఫైళ్లు తెరిచి ఉన్నాయి. ఒకదాని అట్ట మీద ‘పక్షి’ అని, రెండోదాని మీద ‘కంచె’ అని రాసి ఉంది. ఈ కేసులో నేను చేసిందల్లా ఆ రెండు ఫైళ్లను ఒకే అట్టలో పెట్టడం. దానికి దాదాపు నెల పట్టింది. అందులో పది రోజులు నా సొంత పొరపాటు మింగేసింది.

చోటు చిన్నది. 1,200 మీటర్ల రన్‌వే ఒక్కటే. ప్రయాణికుల విమానాలు రావు. వచ్చేవీ పోయేవీ ఒంటి పిస్టన్ ఇంజను విమానాలు, వాటిలో ముప్పాతిక వంతు శిక్షణవి. టవర్‌లో ఒక కంట్రోలర్, నేల మీద ఒక జీపు, గడ్డి కోసే ట్రాక్టరు ఒకటి. పెద్ద విమానాశ్రయాల్లో వన్యప్రాణుల ముప్పు చూడటానికి ఒక విభాగమే ఉంటుంది. ఇలాంటి చోట్ల ఆ పని ఎవరికి తీరిక ఉంటే వాళ్లది, అంటే ఎవరిదీ కాదు.

మొదటి ఘటన తెల్లవారిన అరగంటకు జరిగింది. రెండు సీట్ల విమానం, లోపల ఒంటరిగా విద్యార్థి. వేగం 50 నాట్లకు, అంటే గంటకు సుమారు 90 కిలోమీటర్లకు చేరువై, ముక్కు చక్రం లేపబోతున్న క్షణంలో ఎడమవైపు నేల మీంచి రెండు పక్షులు లేచాయి. ఒకటి రెక్కను మోసే స్ట్రట్ మొదట్లో తగిలింది. విద్యార్థి థ్రాటిల్ మూసి (ఇంజను శక్తి తగ్గించి), తిన్నగా బ్రేకులు వేసి, ఇంకా 300 మీటర్ల రన్‌వే మిగిలి ఉండగానే ఆపాడు. నివేదికలో మూడే వాక్యాలు: పక్షి తగిలింది, గద్ద కావచ్చు, నష్టం స్వల్పం.

రెండోది మూడు వారాల తర్వాత, పొద్దుగూకే వేళ. నాలుగు సీట్ల విమానం దిగుతోంది, విద్యార్థి పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడు. వెనుక చక్రాలు నేలను తాకాయి, ముక్కు చక్రం ఇంకా గాలిలోనే ఉంది. ఎడమవైపు గడ్డిలోంచి నక్క ఒకటి రన్‌వే మీదికి వచ్చి, సగం దాటి, లైట్లను చూసి ఆగిపోయింది. విద్యార్థి కాలు విమానాన్ని కుడికి తిప్పే రడ్డర్ పెడల్ మీద పడింది. ఇన్‌స్ట్రక్టర్ ఎదురు తొక్కి విమానాన్ని మధ్యగీత మీదే ఉంచాడు. నక్క ప్రొపెల్లర్‌కు తగిలింది, ఇంజను ఆగిపోయింది. మనుషులకు ఏమీ కాలేదు. విమానం మాత్రం వారాల తరబడి హ్యాంగర్‌లోనే ఉండిపోయింది.

దాని కారణం పైలట్లు కాని వాళ్లకు చెప్పాలి. ముక్కు చక్రం ఉన్న చిన్న విమానాల్లో ప్రొపెల్లర్ కొసకూ నేలకూ మధ్య కనీసం 18 సెంటీమీటర్ల ఎడం ఉండాలన్నది చిరకాలంగా ఉన్న డిజైన్ నియమం. నిజానికి అంతకంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. నక్క భుజం ఎత్తు 40 సెంటీమీటర్లు. కాబట్టి అది చక్రాల కింద పడదు, నేరుగా ప్రొపెల్లర్‌లో పడుతుంది. అంత వేగంతో తిరిగేది ఒక్కసారిగా ఆగితే ఆ దెబ్బ లోపల దాన్ని తిప్పే ఇరుసు క్రాంక్‌షాఫ్ట్‌కు, దాని వెనుక పళ్ల చక్రాలకు చేరుతుంది. పైకి ఏమీ కనబడదు. ప్రొపెల్లర్ మార్చి ఎగిరేద్దామన్న ఆశ ప్రతి యజమానికీ కలుగుతుంది. ఇంజన్లు తయారుచేసే లైకమింగ్ కంపెనీ తన సర్వీస్ బులెటిన్ 533లో ప్రొపెల్లర్ దెబ్బ అంటే ఏమిటో నిర్వచించింది. ఎత్తైన గడ్డి లాంటి మెత్తటిది తగిలి ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ఒక్కసారిగా పడిపోయినా అది దెబ్బ కిందికే వస్తుంది. గడ్డికే ఆ మర్యాద ఉంటే నక్క సంగతి చెప్పనక్కర్లేదు. ఇంజను విప్పాల్సిందే.

నేను వచ్చేలోపే యాజమాన్యం చికిత్స మొదలుపెట్టింది. పక్షి ఫైలు కోసం గ్యాసుతో పేలే ఫిరంగి కొన్నారు. కంచె ఫైలు కోసం చుట్టూ తిరిగి చిరిగిన చోటల్లా జాలీ కట్టారు. మొదటి రోజు నేను కూడా తల ఊపాను. పక్షికి పక్షి మందు, నక్కకు నక్క మందు. ఇందులో తప్పేముంది అనిపించింది.

ఈక

స్ట్రట్‌ను మెకానిక్ అప్పటికే తళతళలాడేలా తుడిచేశాడు. అతని తప్పు లేదు. విమానాన్ని మురికిగా ఉంచమని అతనికి ఎవరూ చెప్పలేదు. కానీ స్ట్రట్ రెక్కను కలిసే చోట ఒక లోహపు తొడుగు ఉంటుంది. దాని స్క్రూలు విప్పిస్తే, అంచు కింద బొటనవేలి గోరంత నూగు ముద్దగా అంటుకుని ఉంది. దాంతో పాటు విరిగిన ఈక ముక్క ఒకటి, సగం తెలుపు, సగం నలుపు. తడిసి ఎండిన ఈకకు రంగూ ఉండదు, రూపమూ ఉండదు. గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి, నెమ్మదిగా ఆరబెడితే మళ్లీ విచ్చుకుంటుంది. మ్యూజియం సొరుగుల్లోని నమూనాల పక్కన పెట్టి చూశాక అనుమానం మిగల్లేదు. గద్ద కాదు, తీతువు.

ఈ పనికి శాస్త్రంగా ఒక పద్ధతి ఏర్పరిచింది స్మిత్సోనియన్ మ్యూజియంలో పనిచేసిన రాక్సీ లేబోర్న్. 1960 అక్టోబరు 4న బోస్టన్‌లో పైకి లేస్తూనే పక్షుల గుంపును ఢీకొని ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం కూలింది, 62 మంది చనిపోయారు. ఇంజన్లలో దొరికిన ఈక ముక్కలను చూసి అవి స్టార్లింగులని ఆమె తేల్చారు. మన గోరింకల కుటుంబానికే చెందిన పిట్టలు, ఒక్కోటి 80 గ్రాములు ఉంటుందేమో. 

పేరు తేలితే ఏమొస్తుందని ఆ విమానాశ్రయం మేనేజరు అడిగారు. గద్ద అయితే నేను బయటికి వెళ్లాలి. చెత్తకుప్ప ఎక్కడుందో, మాంసపు వ్యర్థాలు ఎక్కడ పారబోస్తున్నారో వెతకాలి. అమెరికాలో పౌర విమానయానాన్ని చూసే ఎఫ్‌ఏఏ సంస్థ సలహా పత్రం అలాంటివి పిస్టన్ విమానాలు మాత్రమే తిరిగే చోట 5,000 అడుగుల దూరంలో, జెట్ లాంటి టర్బైన్ ఇంజను విమానాలుంటే 10,000 అడుగుల దూరంలో ఉండాలని చెబుతుంది. తీతువు అయితే కంచె దాటక్కర్లేదు. అది నేల మీద తిరిగే పిట్ట, నేల మీదే గూడు పెట్టే పిట్ట, రాత్రి కూడా పూర్తిగా నిద్రపోని పిట్ట. రన్‌వే పక్కన తీతువు లేచిందంటే అది ఎక్కడినుంచో వస్తూ దారిలో తగిలింది కాదు, అక్కడే కాపురం ఉంటోంది.

నాలుగు గుడ్లు

మర్నాడు చీకటితోనే టవర్ అనుమతి తీసుకుని రన్‌వే ఎడమ పక్క నడిచాను. వంద మీటర్లు పోకముందే కూత మొదలైంది. తీతువు కూతకు మన భాషలో ఎటూ చెడ్డపేరే. కానీ నా వృత్తిలో దానంత ఉపకారి లేదు, ఎందుకంటే అది ఉన్న చోటును అదే చెప్పేస్తుంది. చెప్పేది మాత్రం అబద్ధం. గూడు లేని వైపు దిగి, కూర్చున్నట్టు నటించి, లేచి, ఇంకా దూరం పోయి మళ్లీ కూర్చుంటుంది. కొత్తవాళ్లు దాని వెంట పడతారు. పాతవాళ్లు ఉన్నచోటే కదలకుండా నిలబడతారు.

నేను నిలబడ్డాను. పావుగంటకు అది చుట్టూ తిరిగి, నడిచి నడిచి, నాకు ఆరడుగుల దూరంలో రాళ్ల మీద ఒదిగి కూర్చుంది. లేపి చూస్తే అక్కడ ఏమీ లేదు. మోకాళ్ల మీద వంగాను, అప్పుడూ ఏమీ లేదు. చూపు ఒక రాయి మీద ఆగి, ఆ రాయి మరీ నునుపుగా ఉందే అనుకున్నాక నాలుగు గుడ్లు ఒక్కసారిగా కనబడ్డాయి. కొసలన్నీ లోపలికి తిప్పి పువ్వు రేకుల్లా పేర్చి ఉన్నాయి. బూడిద పసుపు పెంకు మీద నల్ల మచ్చలు, చుట్టూ అదే రంగు కంకర. నా బూటు జానెడు అటు పడి ఉంటే తొక్కేవాడిని. తల వంచి కిందికి చూశాను కాబట్టే మరొకటి కూడా కనబడింది. అక్కడ కంకర ఎందుకుంది?

చుట్టూ గడ్డి నేల. ఆ నేల మధ్య, రన్‌వేకు సమాంతరంగా, రెండు మీటర్ల వెడల్పున కంకర బాట ఒకటి ఈ కొస నుంచి ఆ కొసకు గీత గీసినట్టు పోతోంది. అడిగితే ఇంజనీరింగ్ విభాగం గర్వంగానే చెప్పింది. వానల్లో ఆ పక్క నేల చిత్తడై, రన్‌వే తప్పిన విమానం ముక్కు చక్రం దిగబడిపోయేదట. అందుకని కిందటి ఎండాకాలం కాలువ తవ్వి కంకర నింపారు. మంచి పని. వాళ్ల దృష్టిలో మచ్చలేని పని కూడా. ఆ ఎండాకాలం వరకు తీతువులు లేవని కాదు, ఎక్కడో చెదురుగా ఉండేవి. కంకర పడ్డాక ఆ గీత మీదికి చేరాయి. నీళ్లు నిలవవు, గుడ్డు కనబడదు, చుట్టూ కురచ గడ్డి కాబట్టి శత్రువు దూరం నుంచే కనిపిస్తాడు, గడ్డినిండా పురుగులు. ఇల్లు, పక్కనే వంటిల్లు. రెండు రోజుల్లో ఆ గీత మీద ఐదు గూళ్లు లెక్కపెట్టాను. ఐదూ మొదటి సగంలోనే, అంటే విమానాలు నేలను వదిలే చోటికి సరిగ్గా ఎదురుగా ఉన్నాయి.

ఇక నక్క. మూడోరోజు రాత్రి చినుకు పడింది. తెల్లారి చూస్తే కంకర పక్క మెత్తటి మట్టిలో అడుగుల వరస ఉంది. అది అటూ ఇటూ తిరగలేదు. కంకర గీత వెంట తిన్నగా నడిచి, ఒక గూడు దగ్గర ఆగి, మళ్లీ గీత వెంట నడిచింది. ఆగిన చోట గుడ్లు లేవు, పెంకు చెక్కలున్నాయి. అడుగులను వెనక్కి పట్టుకుని పోతే గీత చివర కాలువ నీటిని బయటికి వదిలే తూము వచ్చింది. కంచె కింద నుంచి పోయే తూము. అర మీటరు గొట్టం, రెండు వైపులా నోరు తెరిచి ఉంది.

కంచెను చుట్టూ తిరిగి బాగుచేశారు, నిజమే. తూము కంచె కాదు కదా, అది కాలువ. కాలువ ఇంజనీరింగ్ వాళ్లది, కంచె భద్రత వాళ్లది. నక్కకు ఈ విభజన తెలియదు. ఒకే కాలువ పిట్టకు గూడు కట్టుకునే చోటు ఇచ్చింది, నక్కకు దారి ఇచ్చింది. దారి చివర భోజనం కూడా పెట్టింది.

ఫిరంగి, ట్రాక్టరు

ఫిరంగి గురించి ఇక్కడే చెప్పేస్తాను. ఇరవై నిమిషాలకోసారి పేలేది. తిరుగుబోతు పక్షుల గుంపు మీద కొన్ని రోజులు పనిచేస్తుంది. గుడ్లున్న తల్లిని మాత్రం కదిలించదు. కదిలిస్తే అది ఇంకా చెడ్డది. నేను చూస్తుండగా ఒకసారి పేలింది. కంకర మీంచి ఆరు తీతువులు ఒక్కసారి లేచి, రన్‌వే మీదుగా ఒక చుట్టు చుట్టి, మళ్లీ గూళ్లకు వచ్చాయి. ఆ క్షణంలో అక్కడ శిక్షణ విమానం పరుగులో ఉంటే? అదృష్టం, లేదు. ఆ సాయంత్రమే గ్యాసు తీయించాను. దానికి పెట్టిన డబ్బు తలుచుకుని మేనేజరు వారం రోజులు ముభావంగా ఉన్నారు.

నా వంతు పొరపాటు దీనికి ఏమీ తీసిపోదు. పురుగులు తగ్గితే పిట్టలు తగ్గుతాయని, గడ్డి మరింత కురచగా కోయమని మొదటి వారంలో చెప్పేశాను. ట్రాక్టరు డ్రైవరు మర్నాడు పొద్దున్నే, విమానాలు ఎగిరే వేళ, కోయడం మొదలుపెట్టాడు. కోసిన గడ్డి నుంచి మిడతలు, కప్పలు, ఒకటీ అరా ఎలుకలు బయటపడ్డాయి. అరగంటలో ట్రాక్టరు వెనుక కొంగల బారు నడుస్తోంది, పైన గద్దలు తిరుగుతున్నాయి. మొదటి నివేదిక పొరపాటున ఊహించిన గద్దలను నేనే నిజంగా పిలిపించినట్టయింది. కంట్రోలర్ ఫోను చేసి, చాలా మర్యాదగా, ఇది మీ ప్రణాళికలో భాగమేనా అని అడిగారు. కోసి వదిలేసిన గడ్డి కుళ్లేదాకా, పదిరోజులు ఆ సంత నడిచింది.

అసలు నేను చెప్పాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. తీతువుకు చుట్టూ కనబడాలి. గడ్డి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఉంటే దానికి ఊపిరాడదు, దిగదు. బ్రిటన్‌లో పొడవు గడ్డి పద్ధతి అని ఎప్పటినుంచో పాటిస్తున్నది ఇదే. దీనికీ చిక్కు ఉంది. పొడవు గడ్డిలో ఎలుకలు పెరుగుతాయి, వాటి కోసం గుడ్లగూబలు, డేగలు వస్తాయి. అన్ని చోట్లా పనికొచ్చే ఒకే ఎత్తు ఉందని చెప్పేవాళ్లను నేను నమ్మను. మాకు ఇక్కడ ముప్పు తీతువు కాబట్టి పొడవును ఎంచుకున్నాం, ఎలుకలను నెలనెలా లెక్కపెడుతున్నాం.

చిన్న విమానానికి ఎందుకు వేరే లెక్క

తీతువు సుమారు 200 గ్రాములు. దెబ్బ బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 150 నాట్లతో పరుగెత్తే పెద్ద జెట్‌కు, 50 నాట్ల శిక్షణ విమానానికి అదే పిట్ట తగిలితే జెట్‌కు తొమ్మిదింతలు గట్టి దెబ్బ. ఈ లెక్క చూసి, చిన్న విమానాలకేముందిలే అనే పెద్దలు ఉన్నారు. వాళ్లు సగమే చూస్తున్నారు. పెద్ద ప్రయాణికుల విమానం ముందు అద్దం 4 పౌండ్ల, అంటే 1.8 కిలోల పక్షి దెబ్బను తట్టుకోవాలని నిబంధన ఉంది. సాధారణ నాలుగు సీట్ల విమానం అద్దానికి అలాంటి పరీక్షే లేదు. అక్కడ ఒక ఇంజను పోతే ఇంకొకటి ఉంటుంది, ఇక్కడ ఉన్నదే ఒకటి. వేగం తక్కువ కావడం కూడా పూర్తిగా రక్షణ కాదు. 1911లో అమెరికాను ఒక తీరం నుంచి ఇంకో తీరానికి విమానంలో మొదటిసారి దాటిన కాల్ రాడ్జర్స్, 1912 ఏప్రిల్ 3న లాంగ్ బీచ్ దగ్గర ఒక సముద్రపు కాకి తన విమానం కంట్రోళ్లలో ఇరుక్కోవడంతో కూలి చనిపోయాడు. ఆ విమానం ఈనాటి మా శిక్షణ విమానాలంత వేగం కూడా పోయేది కాదు.

వీటన్నిటికంటే నేను భయపడేది సీట్లో ఉన్న మనిషి చేతులకు, కాళ్లకు. మొదటి ఘటనలో పిట్ట చేసింది ఒక సొట్ట. విద్యార్థి భయపడి, వేగం చాలకుండానే స్టిక్ లాగి ఉంటే విమానం పదడుగులు లేచి, గాలి పట్టు తప్పి, రెక్క మీద పడేది. అతను చక్రాలు నేల మీద ఉండగానే నిర్ణయం తీసుకున్నాడు, ముందు రన్‌వే ఉంది, ఆపేశాడు. లేచాక తగిలి ఉంటే చేయాల్సింది వేరు: విమానాన్ని ఎగరనివ్వడం, వేగం చూసుకోవడం, చుట్టు తిరిగి వచ్చి దిగడం. రెండో ఘటనలో కుడి రడ్డర్ తొక్కిన కాలే అసలు ప్రమాదం. ఇన్‌స్ట్రక్టర్ అడ్డుకోకపోతే విమానం 45 నాట్లతో పక్క నేలలోకి పోయి బోల్తా కొట్టేది. నక్కను తప్పించబోయి మనుషులను పోగొట్టుకోవడం అంటే అదే. ఇంకా పైన ఉండగానే కనబడితే మళ్లీ లేచిపోవాలి. చక్రాలు ఆనాక కనబడితే తిన్నగా పోవాలి. ఈ రెండు మాటలు బడిలో నోటికి వచ్చేలా చెప్పించాం.

చేసిన పని

గుడ్లున్నాయి కాబట్టి వెంటనే కంకర ఎత్తలేం. చాలా చోట్ల అడవి పక్షుల గూడు కదపాలంటే అనుమతి కావాలి. అది పక్కన పెట్టినా, గూడు పోయిన జంట వారం తిరక్కుండా పది మీటర్ల అవతల మళ్లీ పెడుతుంది. పొదగడానికి నాలుగు వారాలు. ఆ నాలుగు వారాలూ ఒంటరి విద్యార్థుల మొదటి విమానాన్ని 40 నిమిషాలు వెనక్కి జరిపాం. రోజూ మొదటి విమానానికి ముందు, పొద్దుగూకే ముందు జీపు రన్‌వే ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి, డ్రైవరు అన్నీ సరిగ్గా ఉన్నాయని చెప్పాకే టవర్ అనుమతి ఇవ్వాలి. చల్లటి పొద్దుటి గాలే శిక్షణకు మంచిదని చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ గట్టిగానే వాదించారు. ఆయన మాటా నిజమే. కానీ విప్పిన ఇంజను ఆయన హ్యాంగర్‌లోనే ఉంది, వాదన ఎక్కువసేపు సాగలేదు.

తీతువు పిల్లలు నడిచి వెళ్లిపోయాక కంకర పై పొర తీసేశాం. నీళ్లు దిగే గుడ్డ పరిచి, పైన మట్టి పోసి, గడ్డి పెంచాం. కాలువ కింద కాలువలాగే పనిచేస్తుంది, పైకి మాత్రం రాయి కనబడదు. తూముకు నిలువు కమ్మీల జాలీ పెట్టాం, కమ్మీల మధ్య బెత్తెడు సందు. కంచె అడుగున జాలీని బయటి వైపు వాలుగా భూమిలోకి దింపాం, తవ్వే జంతువు కాలు దానికే తగిలేలా. గడ్డి కోత విమానాలు ఆగాకే, కోసింది అదే రోజు ఎత్తేయాలి.

తూము జాలీ మొదటి పెద్ద వానకే చెత్తతో మూసుకుపోయింది. నీళ్లు వెనక్కి తన్ని, ఏ చిత్తడి పోవాలని కాలువ తవ్వారో ఆ చిత్తడే తిరిగి వచ్చింది. ఇంజనీరింగ్ విభాగం నాతో అన్న మాటలు ఇక్కడ రాయను. జాలీని ఏటవాలుగా మార్చి, బందులు వేసి తెరుచుకునేలా చేసి, వానలకు ముందు శుభ్రం చేయడం ఒకరి పేరున రాసిపెట్టాక గొడవ సద్దుమణిగింది.

హ్యాంగర్ గోడకు ఒక రిజిస్టరు వేలాడదీశాం. మొదటి ఏడాది అందులో రెండే వరుసలు, ఆ రెండు ఘటనలే. మరుసటి ఏడాది 27. అంకె చూసి మేనేజరు కంగారు పడ్డారు. చదివితే తెలిసింది, దెబ్బ తగిలింది ఒక్కసారే, అది కూడా పిచ్చుకంత పిట్ట. మిగతావన్నీ దూరంగా కనబడినవి, జీపు తోలేసినవి, టవర్ ఆపిన విమానాలు. అంతకుముందు కూడా ఇవన్నీ జరిగే ఉంటాయి, రాసే చోటు లేదు.

ఆ ఏడు ఒక్క జంట తీతువులు మాత్రం వచ్చాయి. వాడకంలో లేని పాత కాంక్రీటు మూల మీద, రన్‌వేకు దూరంగా గూడు పెట్టాయి. నేను వెళ్లి చూసేసరికి దాని చుట్టూ నాలుగు ఎర్ర కోన్లు నిలబెట్టి ఉన్నాయి. పెట్టమని నేను చెప్పలేదు. జీపు డ్రైవరు పని.

ఆ మధ్య ఒక సాయంత్రం మెకానిక్ ఫోను చేశాడు. రెక్క ముందంచు మీద మరక ఉంది, తుడవలేదండి, మీరు వచ్చేదాకా తుడవను అన్నాడు. గంట ప్రయాణం చేసి వెళ్లి భూతద్దం పెట్టి చూశాను. ఉసిళ్లు. వానకు ముందు రెక్కలు వచ్చిన ఉసిళ్ల గుంపులోంచి విమానం పోయింది. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. తర్వాత అతను రిజిస్టరు తీసి తేదీ, వేళ, ఎత్తు రాశాడు. ఉసిళ్లు ఎగిరిన సాయంత్రం వాటిని తినడానికి ఏవి వస్తాయో ఇప్పుడు అతనికి నేను చెప్పనక్కర్లేదు. టవర్‌కు ఫోను కూడా అతనే చేశాడు.